రేగుమడుగులో నూట పద్నాలుగు డిగ్రీలు

రేగుమడుగు,
కోంట తహసీలు, బస్తర్ సంస్థానం.
1942 నవంబరు 12

తమ్ముడు సీతాపతికి,

ఆ చలి దేశంలో భద్రాద్రి రాముడు నిన్ను చల్లగా చూస్తున్నాడని నమ్ముతూ అక్క ఆండాళు రాస్తున్నది.

ఈ ఉత్తరం మన ఊరి టపాలో వెయ్యడం లేదు. లచ్చు చింతపండు బండి తోలుకుని భద్రాచలం పోతున్నాడు. అక్కడ రాజమండ్రి వెళ్ళే యాత్రికులు ఎవరైనా కనబడితే వాళ్ళకిచ్చి, రాజమండ్రి టపాలో వేయించమన్నాను. ఎందుకో చెబుతాను. కూర్చుని చదువు.

నీ అల్లుడు అప్పయ్య అంగడితో పాటు ఊరి టపా కూడా చూస్తాడు కదా. సంచిలోకి పోయే ప్రతి ఉత్తరం, సంచిలోనుంచి వచ్చే ప్రతి ఉత్తరం విప్పి చదువుతాడు. నీవి, నావి మరీ శ్రద్ధగా చదువుతాడు. అందుకే ఈ రెండేళ్ళూ నీకు అంతా క్షేమం అని రాశాను. క్షేమం కాదు. అతను నీ కూతుర్ని కొడుతున్నాడు.

తాగి కాదు. అతను తాగడు. స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, నిదానంగా కొడతాడు. మన సోమక్క పుట్టినప్పటి నుంచి కోయ పిల్లలతో పెరిగింది, వాళ్ళ మాటే ముందు నేర్చింది. అప్పయ్యది గోదావరి అవతలి ఊరు, అతనికి ఆ మాట రాదు. అంగడికి వచ్చిన చిన్ననాటి నేస్తం మంగితో ఇది కోయలో ఒక మాట అని నవ్విందంటే తననే అన్నదని అతని అనుమానం. "ఏందే నవ్వుతున్నవ్? నాకు చెప్పి నవ్వు" అంటాడు. చెప్పినా నమ్మడు. పోయిన నెల టపా సంచికి సీలు వేసే లక్క కరిగించి దాని మణికట్టు మీద పోసి, ఇత్తడి ముద్ర ఒత్తాడు. నేను అడ్డం పోతే నన్ను ఏమీ అనలేదు. "పెద్దదానివి, జపం చేసుకో అత్తా" అని చెయ్యి పట్టుకుని పీట మీద కూర్చోబెట్టాడు.

సర్కారు సంచి ముట్టేవాడని నువ్వు ఏరికోరి చేసిన సంబంధం. నిన్ను తప్పు పట్టడానికి రాయడం లేదు. ఇకనుంచి నీకు నిజం ఎలా తెలపాలో ఆలోచించాను. నువ్వు పోతూ పోతూ గోడకు తగిలించిపోయిన ఉష్ణమాపకం ఉంది కదా, ఎండ ఎంతో రోజూ రాయమన్నావు. రాస్తాను. కాని అది ఎండ కాదు. ఎనభై అంటే ఆ రోజు ఇల్లు నిమ్మళంగా ఉన్నట్టు. నూరు దాటితే చెయ్యి లేచినట్టు. నూట పది దాటితే రక్తం కళ్ళజూసినట్టు. నూట పదిహేను రాశానంటే పిల్ల ప్రాణం మీదికి వచ్చినట్టు. అతనికి ఎండ లెక్కలు పట్టవు, చదివి ఊరుకుంటాడు.

ఏం చెయ్యాలో నువ్వు కూడా ఆ మాటల్లోనే చెప్పు. మగదిక్కు నువ్వే. నీ మాట ప్రకారం నడుస్తాను.

నీ అక్క,
ఆండాళు

*

రేగుమడుగు
1942 డిసెంబరు 3

తమ్ముడికి అక్క దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం. వరి కోతలు అయ్యాయి. ధనుర్మాసం వస్తున్నది, ఈసారి పారాయణకు నా కళ్ళజోడు సరిపోవడం లేదు. అయినా నోటికి వచ్చినదే కనుక పేజీ తిప్పడానికి తప్ప కళ్ళతో పని లేదు.

నువ్వు అడిగిన ఎండ లెక్కలు: నవంబరు 20, ఎనభై. 24, నూట రెండు. 25, నూట రెండు. 29, నూట పదకొండు. డిసెంబరు 1, ఎనభై రెండు.

ఆండాళు

మామగారికి అప్పయ్య నమస్కారాలు. అత్త దినాం గోడకాడ నిలబడి ఆ గాజు పుల్లనే చూస్తున్నది, పూజ కూడా దానికే చేసేటట్టున్నది. సోమక్క కులాసా. మీరు పంపుతనన్న ఉన్ని కంబళి మాట మరువకండి.

*

విన్నిపెగ్, కెనడా
1943 జనవరి 28

పూజ్యురాలైన అక్కకు,

నీ డిసెంబరు ఉత్తరం అందింది. రెండుసార్లు చదువుకున్నాను. నా మాట గుర్తుపెట్టుకుని ఎండ రాశావు చూడు, అది చాలు నాకు. ఇక్కడ విమానాల స్థావరంలో వాతావరణం కొలిచే పరికరాలన్నీ నా చేతిమీదుగానే బాగవుతున్నాయి. మా మేస్త్రీ దొర నన్ను సీతా అని పిలుస్తాడు. అది ఆడవాళ్ళ పేరని చెప్పాను. అయితే ఇంకా బాగుంది అన్నాడు.

ఇవాళ చలి ఎంతో నేను రాయకూడదు. యుద్ధం కదా, శత్రువుకు వాతావరణం తెలియకూడదని ఉత్తరాల్లో ఆ అంకెల్ని కత్తెరతో కోసేస్తారు. పుస్తకంలో అచ్చయిన పాత లెక్కలు మాత్రం రాయవచ్చు. ఈ ఊళ్ళో జనవరి సగటు సున్నాకు కింద మూడు నాలుగు డిగ్రీలు. సున్నా అంటే నీళ్ళు గడ్డకట్టే చోటు అనుకునేవు, కాదు, మన ఫారెన్‌హీట్ లెక్కలో దానికి ఇంకా ముప్ఫై రెండు మెట్లు కింద. ఇంటి చెక్కల్లో మేకులు చలికి తుపాకీ పేలినట్టు పగులుతాయి. నిన్న నా మీసం విరిగింది.

ఇక నీ లెక్కలు. డిసెంబరు ముందర నూట పదకొండా! నవ్వు ఆగలేదు అక్కా. ఆ రోజుల్లో మన వైపు మధ్యాహ్నం ఎనభై అయిదు దాటడం అరుదు. నువ్వు దాన్ని వంటింటి గోడకి మార్చి ఉంటావు, పొయ్యి సెగ తగులుతున్నది. వంటింటికి దూరంగా ఉంచు. అంకె ఎక్కువ చూపించిందని కంగారు పడకు. ఓపికగా రాస్తూ ఉండు. నాలుగు రోజులు ఎక్కినది అయిదో రోజు దానంతట అదే దిగుతుంది.

అల్లుడికి కంబళి కొని ఉంచాను. సోమక్కకు ముద్దులు.

తమ్ముడు,
సీతాపతి

*

రేగుమడుగు
1943 మార్చి 30

తమ్ముడికి,

నీ ఉత్తరం చూశాక ధైర్యం వచ్చింది. నా లెక్కలు నీకు అర్థమయ్యాయని తెలిసింది. ముందు నవ్వినట్టు రాశావేమిటా అని మనసు చివుక్కుమన్నది. తర్వాత, ఎండ లెక్కల మాట అలాగే నవ్వుతూ రాయాలిలే అనుకున్నాను.

నువ్వు చెప్పినట్టే వంటింటికి దూరంగా ఉంచాను. ఇరవై రోజులుగా వంట నేనే చేస్తున్నాను. దానివల్ల తగ్గలేదు, పెరిగింది. మార్చి 14, నూట నాలుగు. 15, నూట ఆరు. 22, నూట పన్నెండు. ఓపిక పట్టమన్నావు, పడుతున్నాం.

సోమక్కకు మూడో నెల. మంగి చింతచిగురు కోసుకొచ్చి పెడుతున్నది. ఇప్పచెట్లు రాలుతున్నాయి, ఊరంతా అదే వాసన.

ఒక మాట అడుగుతాను, జాగ్రత్తగా చదివి జవాబు రాయి. ఎండ కొలిచేదాన్ని ఈ గోడ మీది నుంచి తీసేసి, నది అవతల నీడపట్టున పెట్టనా? ఇక్కడే ఉంటే పగిలిపోతుందేమోనని నా భయం. శబరిలో నీళ్ళు తగ్గాయి, దోనె తేలిగ్గా దాటుతుంది. దాటించడానికి మనిషి ఉన్నాడు. నువ్వు ఊఁ అంటే చాలు.

ఆండాళు

*

విన్నిపెగ్
1943 జూన్ 5

అక్కకు,

సోమక్క తల్లి కాబోతున్నదని చదివి, ఇంటి దొరసానికి చెప్పి, ఇద్దరం కాఫీ తాగాం. ఆవిడ పసిబిడ్డకు ఉన్ని టోపీ అల్లుతున్నది. మా ఊళ్ళో అది పెడితే బిడ్డ ఉడికిపోతుందన్నాను. ఎంత వేడి ఉంటుందేమిటి మీ ఊళ్ళో అన్నది. నూట పన్నెండు అని నీ లెక్కే చెప్పాను, గొప్ప కోసం.

కాని అక్కా, ఆ లెక్కలు నిజం కావు. మార్చిలో అంత రాదు. పరికరంలో పాదరసం తెగి ఉంటుంది. ఫరవాలేదు, తప్పు చూపినా రోజూ ఒకే తప్పు చూపితే దానికీ ఒక విలువ ఉంటుంది.

నది అవతల పెట్టడం మాత్రం వద్దు. ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ఇది నా వృత్తి, నా మాట విను. ఒకసారి పెట్టిన చోటినుంచి దాన్ని కదపకూడదు. కదిపితే అంతవరకూ పడ్డ శ్రమంతా వృథా. ముప్ఫై ఏళ్ళు ఒకే చోట ఉంటేనే ఆ చోటికి నార్మల్ అంటూ ఒకటి తెలుస్తుంది. ఈ దేశంలో అలాగే చేశారు. పడమటి సముద్రం పక్క విక్టోరియా అనే ఊరికి జనవరి నార్మల్ ముప్ఫై తొమ్మిది. మన ఊటీ లాగా అనుకో. తూర్పు రేవు హాలిఫాక్స్‌కు ఇరవై నాలుగు. ఉత్తరాన డాసన్ అనే ఊరికి సున్నాకు కింద ఇరవై. ఒకే ప్రభుత్వం, ఒకే జెండా, ఒక్కో చోట ఒక్కో సగటు. ఇక అతి అయిన రోజుల మాట వేరు. ఫోర్ట్ వెర్మిలియన్‌లో 1911లో సున్నాకు కింద డెబ్బై ఎనిమిది. యెల్లో గ్రాస్ అనే పల్లెలో 1937 జూలైలో నూట పదమూడు. అక్కడివాళ్ళు ఊరు వదిలిపోయారా? గోధుమ మాడిపోయింది, మళ్ళీ విత్తుకున్నారు, ఉన్నారు.

అంచేత అది ఉన్నచోటే ఉండనీ. పగిలితే పగిలింది, ఇంకొకటి పంపుతాను.

సీతాపతి

*

రేగుమడుగు
1943 ఆగస్టు 20

తమ్ముడికి,

అప్పయ్య కోంట పోయాడు, ఈ పూట సంచి కట్టింది నేను; అయినా దారిలో ఎవరైనా విప్పి అతని చెవిన వేస్తారేమోనని కొంత దాచే రాస్తున్నాను. నీ ఉత్తరం జూలై 26న వచ్చింది. ఆ మర్నాడు బయలుదేరుదామని అనుకున్నాను. ఎక్కడికని అడగకు, సత్యనారాయణ వ్రతం చూడడానికి అనుకో. మూట కట్టాను. టపా సంచి మోసే కేసా దోనె మాట్లాడి ఉంచాడు. నీ మాట చదివి మూట విప్పాను. మగదిక్కు నువ్వే అన్నాను, ఆ మాట మీద నిలబడ్డాను.

సోమక్క "నాయన వద్దన్నడా?" అని ఒక్కసారి అడిగింది. అన్నాడమ్మా అన్నాను. "సరే" అని చాటలో బియ్యం చెరుగుతూ కూర్చున్నది.

ఆగస్టు 11. ముసురు పట్టింది. పొద్దుటినుంచి సూర్యుడు లేడు. ఆ రోజు నూట పద్నాలుగు.

కాన్పు పోయింది. ఏడో నెల నిండింది, మగబిడ్డ. వాకిట్లో పాచి మీద కాలు జారి పడిందని ఊళ్ళో అందరికీ చెప్పాం. నీకూ అదే చెబుతున్నాను. మంగి బిడ్డను అడ్డాకులో చుట్టి తీసుకుపోయింది. నేను విష్ణు సహస్రనామం మొదలుపెట్టి మధ్యలో మరిచిపోయాను. నలభై ఏళ్ళలో ఎప్పుడూ మరవలేదు.

ఇంకొకటి పంపుతానన్నావు. ఆ మాట నేను దానికి చదివి వినిపించలేదు.

ఆండాళు

*

విన్నిపెగ్
1943 నవంబరు 2

అక్కా,

రాజమండ్రి నుంచి నువ్వు పంపిన పంచాంగం మొన్న అందింది. ఏడాది పట్టింది. ఓడకు దెబ్బ తగిలిందట, సంచులు నీళ్ళలో నానాయట. అక్షరాలు అలుక్కుపోయాయి. అద్దం పెట్టి ప్రతి అక్షరం చదివాను. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా. నీ ఆగస్టు ఉత్తరం అది చేరిన మూడో రోజున వచ్చింది.

అంతకుముందు ఎండ గురించి నేను రాసిందంతా తప్పు. ఒక్క అక్షరం కూడా నమ్మకు. చదువుకున్న మూర్ఖుడు రాసిన రాత అది. పుస్తకంలో అంకెలు చూసి రాశాను, నీ అంకెలు చూడలేదు.

పరికరాన్ని ఆ గోడ మీది నుంచి తీసెయ్యి. ఈ ఉత్తరం చదివిన రోజే తీసెయ్యి. ముహూర్తం చూడకు. నది దాటించు. భద్రాచలంలో మన మేనమామ కొడుకు రామయ్య ఇంటి వసారా చల్లగా ఉంటుంది, అక్కడ నార్మల్ ఎనభై. ఆ తరువాత ఎక్కడ పెట్టాలో నేను వచ్చి చూసుకుంటాను. సెలవు అడిగాను. యుద్ధం అయ్యేదాకా ఇవ్వనన్నారు. మళ్ళీ అడుగుతాను.

ఇక్కడ మంచు పడుతున్నదని రాస్తే కత్తెర వేస్తారు. వెయ్యనీ. పడుతున్నది.

సీతాపతి

*

రేగుమడుగు
1944 జనవరి 17

చిరంజీవి సీతాపతికి,

అప్పయ్య చెబుతుండగా రాస్తున్నాను. ఇక్కడ అందరం క్షేమం. గోడ మీది ఉష్ణమాపకం కింద పడి పగిలింది. ఇకమీదట ఎండ గురించి రాయను, నువ్వూ రాయవద్దు. రాజమండ్రి నుంచి పంచాంగం ఎవరు పంపారో నాకు తెలియదు, నువ్వు పొరబడి ఉంటావు. సోమక్క ఆరోగ్యంగా ఉన్నది. నువ్వు రానక్కర లేదు.

ఆండాళమ్మ

*

జగదల్‌పూర్
1944 ఏప్రిల్ 9

తమ్ముడికి,

ఈ ఉత్తరం జగదల్‌పూర్ పెద్ద టపాలో నా చేత్తో నేనే వేస్తున్నాను. ఇక ఏదీ దాచి రాయనక్కర లేదు. అప్పయ్య చనిపోయాడు. చంపింది నేను. జైల్లో ఉన్నది మాత్రం సోమక్క. జరిగింది జరిగినట్టు చెబుతాను, నా మీద కోపం, జాలి తరువాత. ముందు చెయ్యవలసిన పని ఉంది.

నీ నవంబరు ఉత్తరాన్ని అప్పయ్య నాకిచ్చే ముందు మూడుసార్లు చదివాడు. పంచాంగం అన్న మాట దగ్గర ఆగాడు. "ఏం పంచాంగం అత్తా? మన సంచిల పోలేదే" అన్నాడు. అతను లేచి గోడ దగ్గరికి పోయాడు. పాదరసం డెబ్బై తొమ్మిది మీద ఉంది. ఆ వారం నీకు పంపడానికి రాసి పెట్టిన కాగితం నా భాగవతంలో నుంచి తీశాడు. నూట తొమ్మిది అని ఉంది. ఆ అంకెనీ ఈ అంకెనీ చాలాసేపు చూశాడు. తరువాత నవ్వాడు. "ఎండ లెక్కల్ల బడిపంతులమ్మవు అనిపించినవ్" అన్నాడు.

గాజు పగలగొట్టి, పాదరసం అరచేతిలో పోసుకుని, సోమక్క దవడలు నొక్కి నోరు తెరిపించాడు. నేను అతని చెయ్యి కొరికాను. నిజంగానే కొరికాను, నా నోట్లో ఉప్పగా తగిలింది. పాదరసం నేల మీద పడి పూసలై దొర్లింది. ఆ తరువాత రోజు నుంచి నీకు ఉత్తరం ఎలా రాయాలో అతనే చెప్పాడు. సోమక్క కుడిచేతి వేళ్ళు రెండు ఆ పెనుగులాటలోనే విరిగాయి, సరిగా అతకలేదు.

ఫిబ్రవరి 27 సంత రోజు. అప్పయ్య కాటా దగ్గర కూర్చున్నాడు. మంగి వచ్చి, బట్టలు ఉతకడానికి అన్నట్టు మమ్మల్ని రేవుకు తీసుకుపోయింది. కేసా దోనె తెచ్చి పెట్టి, టపా ఆలస్యమవుతుందని పరుగెత్తాడు. మంగి దోనె పట్టుకుంది. నేను ఎక్కాను. సోమక్క మోకాలి లోతు నీళ్ళలో ఉంది. అప్పుడు అతను వచ్చాడు. అరవలేదు. మెట్టు మెట్టు దిగి, చెప్పులు విడిచి, ధోవతి ఎగగట్టి నీళ్ళలోకి వచ్చాడు. సోమక్క జుట్టు పట్టుకుని ముఖం నీళ్ళలో ముంచాడు. "నవ్వే ఇప్పుడు. కోయల నవ్వు" అంటున్నాడు. దాని చేతులు నీళ్ళను కొడుతున్నాయి. మంగి అతని వీపు మీద పడి గీరుతున్నది, విదిలించేశాడు. సోమక్క చేతులు కొట్టుకోవడం తగ్గింది.

దోనెలో గడకర్ర ఉంది. పచ్చి వెదురు, బరువు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. అతను నా వైపు చూశాడు. చెయ్యి మాత్రం వదలలేదు. రెండోది చెవి పైన వేశాను, ఎండిన సొరకాయ పగిలినట్టు చప్పుడయింది. వదిలేసి కూర్చుండిపోయాడు. అప్పటికి సోమక్క తల పైకి వచ్చింది, దగ్గుతున్నది. అతను ఇక లేవలేడని నాకు తెలుసు. అయినా మూడో దెబ్బ వేశాను. దాని తరువాత నీళ్ళు ఎర్రనయ్యాయి.

రాముడి పేరు అప్పుడు తలుచుకోలేదు. ఇప్పుడు తలుచుకుంటున్నాను.

సంత జనం పరుగెత్తుకు వచ్చేసరికి సోమక్క నా చేతిలోని గడకర్ర లాక్కుని పట్టుకున్నది. "నేనే కొట్టిన" అని కోయలో, తెలుగులో, హిందీలో అరిచింది. మంగి నిజం చెబితే, "కోయదానివి, నీ స్నేహితురాలిని తప్పించి ముసలమ్మ మీద పెడతవా" అని తోసేశారు. కోంట ఠాణాలో నేను మొత్తం చెప్పాను. ఠాణేదారు నాకు కుర్చీ వేయించి, మంచినీళ్ళిచ్చి, "మాతాజీ, మీరు ఇంటికి పొండి. బిడ్డను కాపాడుకునేదానికి మీరు ఝూట్ చెప్తున్నరు" అన్నాడు. ఇక్కడి కచేరీలోనూ అంతే. నా తులసిపూసలు చూస్తున్నారు, నా గొంతు వింటున్నారు. ఆ దెబ్బలు ఈ చేతులతో పడ్డాయంటే మేజిస్ట్రేటు గారు నవ్వారు. సోమక్కను ములాఖాత్‌లో బతిమాలాను. "నువ్వు ఊకో అత్తా. అన్నేళ్ళు దెబ్బలు తిన్నది నేను, కొట్టింది కూడ నేనే కావాలె" అన్నది. ఇరవై రెండేళ్ళది. ఉరి వేస్తారో, చచ్చేదాకా లోపల ఉంచుతారో ఎవరూ చెప్పడం లేదు. తీర్పు వానల తరువాత అన్నారు.

నా మాట ఎవరూ నమ్మడం లేదు. నన్ను చిన్నప్పటి నుంచి ఎరిగినవాడివి నువ్వొక్కడివే మిగిలావు. సర్కారు ఉద్యోగివి, నీ రాతకు విలువ ఉంటుంది. నేను ఆ పని చెయ్యగలనని కచేరీకి రాసి పంపు. నేను మంచిదాన్నని రాయకు. అది అందరూ అంటున్నారు, దాని వల్లే చిక్కు. నా అక్క చంపగలదు అని రాయి.

మొదటి ఉత్తరం నీకు ఆలస్యంగా అందిందని అప్పయ్య చేతిలో ఉన్న నీ ఉత్తరం చూశాకే నాకు తెలిసింది. ఏడాదంతా నువ్వు పరికరం సంగతి రాస్తే నేను పిల్ల సంగతి అనుకున్నాను. దాని గురించి మనిద్దరం ఎప్పుడైనా ఒకచోట కూర్చుని ఏడుద్దాం. ఇప్పుడు కాదు.

అక్క,
ఆండాళు

*

విన్నిపెగ్
1944 జూన్ 1

అక్కా,

నువ్వు అడిగింది రాశాను. ఇక్కడి నోటరీ ముందు సంతకం పెట్టి, విమాన టపాలో కచేరీకి పంపాను. అందులో ఏం రాశానో నీకు తెలియాలి. నాలుగు రోజులు కలం పట్టుకోలేకపోయాను. కూతురి వైపు రాస్తే అక్క మెడకు, ఊరుకుంటే కూతురి మెడకు. నువ్వు అడగకపోతే రాసేవాణ్ణి కాదు. నువ్వు అడిగావన్న ఊరట కూడా నాకు వద్దు.

ఇలా రాశాను:

"నాకు ఏడేళ్ళు, మా అక్క ఆండాళుకు పద్నాలుగేళ్ళు. భద్రాచలంలో గోదావరి ఒడ్డున ఉన్నాం. నురగలు కక్కుతూ ఒక పిచ్చికుక్క నా మీదికి వచ్చింది. మా అక్క దాని మెడ వెనక రెండు చేతులతో పట్టి నీళ్ళలోకి ఈడ్చుకుపోయి, అడుగుకి అదిమి పట్టింది. అది తన్నుకోవడం ఆగిపోయింది. తరువాత కూడా ఆమె వదలలేదు. నేను ఒడ్డున నిలబడి నూరు దాకా లెక్కపెట్టాను, నాకు అంతవరకే వచ్చు. అప్పటికీ ఆమె పట్టుకునే ఉంది. తరువాత కుక్కను ప్రవాహంలోకి తోసేసి, తలస్నానం చేసి, తడిబట్టతోనే కోవెలకు పోయి ప్రదక్షిణాలు చేసింది. ఇంట్లో అడిగితే కుక్క దానంతట అదే మునిగిపోయిందని చెప్పింది. ఆ మాట మెల్లగా చెప్పింది, ఆమె ఎప్పుడూ మెల్లగానే మాట్లాడుతుంది. అందరూ నమ్మారు. నన్ను అడిగితే నేనూ అవునన్నాను. ముప్ఫై ఆరేళ్ళుగా ఆ అబద్ధాన్ని మోస్తున్నాను. నా అక్క ప్రాణం తియ్యగలదు. తనవాళ్ళ కోసం తీస్తుంది. చచ్చిందని తెలిశాక కూడా ఇంకాసేపు చెయ్యి వదలదు. మూడో దెబ్బ ఆమెదేనని నేను ప్రమాణం చేసి చెబుతున్నాను. నా కూతురికి ఆ మూడో దెబ్బ రాదు."

అక్కా, నీ మొదటి ఉత్తరమూ, మిగతావన్నీ కూడా జతచేశాను. అప్పయ్య ఎలాంటివాడో వాళ్ళు చూడాలి.

సీతాపతి

*

జగదల్‌పూర్ జైలు, ఆడవాళ్ళ వార్డు
1944 అక్టోబరు 3

తమ్ముడికి,

నమ్మారు.

నీ కాగితం మేజిస్ట్రేటు గారు తెలుగు తెలిసిన గుమాస్తా చేత చదివించారు. కుక్క దగ్గరికి వచ్చేసరికి ఆయన నా చేతుల వైపు చూశారు. ఈసారి నవ్వలేదు. నీ ఉత్తరాలూ నా ఉత్తరాలూ బల్ల మీద పరిచి, తేదీలు సరిచూశారు. మంగి మాట కూడా మళ్ళీ విన్నారు. నాకు ఏడేళ్ళు వేశారు. పిల్ల ప్రాణం మీదికి వచ్చిందని ఒప్పుకున్నారు, మూడో దెబ్బకు మాత్రం శిక్ష తప్పదన్నారు. న్యాయమే.

ఇక్కడ పొద్దున్నే గంట కొడతారు. గోడ పక్క బంతి మొక్కలు వేసుకోనిచ్చారు. వార్డులో కోసే అనే ధుర్వా తెగ పిల్లకు తెలుగు అక్షరాలు దిద్దిస్తున్నాను. రెండు గుణింతాలు వచ్చాయి దానికి.

సోమక్కను నిన్న విడిచిపెట్టారు. మంగి, కేసా అడ్డదారిన నాలుగు రోజులు నడిచి వచ్చారు దానికోసం. వార్డు కిటికీలోంచి జైలు గేటు కొంచెం కనబడుతుంది. అది బయటికి పోయి, ఎండలో నిలబడి, ఎటు పోవాలో తెలియనట్టు చూసి, వెనక్కి తిరిగి మళ్ళీ లోపలికి రాబోయింది. వార్డరమ్మ అడ్డం నిలబడి, "అరె పగ్లీ, అటు పో!" అని కసిరింది. మంగి దాని చెయ్యి పట్టుకుని కోయలో ఏదో అన్నది. ఏమన్నదో నాకు వినబడలేదు. సోమక్క పెద్దగా నవ్వింది. గేటు అవతల, అంతమంది మధ్యలో, నోరంతా తెరిచి నవ్వింది.

ఆండాళు